పిలకాయల చేత పుస్తకం చదివించడం ఎలా? నెల్లూరు, ప్రకాశం తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

కావలి, కందుకూరు, ఒంగోలు చుట్టుపక్కల ఊళ్ళల్లో సాయంత్రం పూట పిలకాయలతో కథల పుస్తకాలు చదివించే పని చేస్తుంటాం. అందుకే ఈ ప్రశ్నలు బడి గేటు దగ్గరా, రేషన్ షాపు లైన్లోనూ, ఆఖరికి పెళ్ళి భోజనాల్లో కూడా అడుగుతుంటారు. అడిగినవాళ్ళకి అడిగినట్టే చెప్పిన జవాబులివి. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు.

మావాడు మూడో తరగతి. పాఠం గడగడా అప్పజెప్పేస్తాడు గానీ కొత్త పుస్తకం ఇస్తే నోరు మెదపడు. ఎందుకని?

ఎందుకంటే వాడు చదవడం లేదు, గుర్తుపెట్టుకుని చెబుతున్నాడు. టీచర్ చదువుతుంటే వెనకాల అందరూ కోరస్‌గా అంటారు, ఇరవైసార్లు అన్నాక పాఠం నోటికి వచ్చేస్తుంది, ఇంట్లో పుస్తకం ముందు పెట్టుకుని అదే వల్లిస్తే మనం మురిసిపోతాం. తేల్చుకోవడం చాలా తేలిక. వాడు చెబుతున్న పేజీలోనే మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి "ఇదేంటి నాయనా?" అని అడగండి. చదివే పిల్లాడు ఆ మాట చెబుతాడు. బట్టీ పట్టిన పిల్లాడు మళ్ళీ వాక్యం మొదటికి వెళ్ళి అక్కడినుంచి వల్లించుకుంటూ వచ్చి ఆ మాట దగ్గర ఆగుతాడు. కొందరైతే మీ వేలు కూడా చూడరు, మీ మొహం చూస్తారు.

ఇంకాస్త పద్ధతిగా చూడాలంటే, పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి పిల్లలకి చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే వాళ్ళు 2005 నుంచీ వాడుతున్న పద్ధతి ఉంది. ఒక కాగితం చాలు. అందులో నాలుగు మెట్లు: విడి అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాలు, రెండో తరగతి స్థాయిలో చిన్న కథ. పిల్లాడు ఏ మెట్టు మీద తడబడుతున్నాడో అక్కణ్ణుంచే మొదలుపెట్టాలి, వాడు ఏ తరగతి అన్నది అప్పటికి పక్కన పెట్టేయండి. అయిదు నిమిషాల పని, పరీక్షలా చేయొద్దు, మార్కులు వేయొద్దు, ముఖ్యంగా పక్కింటి పిల్లని పిలిచి పోటీ పెట్టొద్దు.

అక్షరాలన్నీ వచ్చు. అయినా మాట చదవలేకపోతున్నాడు. ఏది లోపం?

ఎక్కువసార్లు గుణింతం, ఆ తర్వాత ఒత్తు. మన లిపిలో అ నుంచి ఱ దాకా వచ్చేస్తే పని అయిపోయినట్టు కాదు. ప్రతి హల్లుకీ గుణింతం వేస్తే నాలుగు వందలకు పైగా రూపాలు అవుతాయి, వాటి కింద ఒత్తులు వేరే. అందుకే తెలుగు, కన్నడ లాంటి లిపుల్లో పిల్లలకి రూపాలన్నీ పట్టుబడటానికి మూడు నాలుగేళ్ళు పట్టడం మామూలే. ఒకటో తరగతి అయ్యేసరికి అంతా వచ్చేయాలని టెన్షన్ పడితే పిల్లాడికి పుస్తకమంటేనే విసుగు పుడుతుంది.

మేం చేసేది చెబుతా. మూడు గుట్టలుగా చీటీలు రాసుకుంటాం. మొదటి గుట్టలో గుణింతం లేని మాటలు: వల, తల, జడ, పడవ, పలక. రెండో గుట్టలో గుణింతాలు: చేప, గాలి, బావి, నీడ, మామిడి. మూడోదాంట్లో ఒత్తులు: చెట్టు, బస్సు, రొయ్య, కొబ్బరి, అన్నం. అన్నీ పిల్లాడు రోజూ చూసేవీ తినేవీ అయి ఉండాలి, ఋషి, ఔషధం, ఙ ఇప్పుడే అక్కర్లేదు, వాటికి టైముంది. ఒత్తుల్లో ఒక చిక్కుంది. ప, డ, చ ఒత్తులు అసలు అక్షరానికి తలకట్టు తీసేసినట్టే ఉంటాయి కాబట్టి పిల్లలు తొందరగానే పట్టేస్తారు. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరానికి పోలికే లేకుండా ఉంటాయి. "అమ్మ"ని "అమ" అని, "రొయ్య"ని "రొయ" అని చదివే పిల్లలు అందుకే ఎక్కువ. ఆ ఆరింటినీ వారానికొకటి చొప్పున విడిగా చూపించండి, సగం తడబాటు పోతుంది.

రాయించడానికి నోటుపుస్తకం కంటే పలక మేలు. చెరిపేయొచ్చు కాబట్టి పిల్లాడికి తప్పు రాస్తానన్న భయం ఉండదు. ఒకప్పుడు దేశమంతా పలకలు పంపిన మార్కాపురం మన పక్కనే ఉండి కూడా మన ఇళ్ళల్లో పలక కనపడకపోవడం నాకైతే కాస్త బాధే.

నిమిషానికి ఇన్ని పదాలు చదవాలని ఏదో లెక్క చెప్పారు టీచరు. మా పాప అన్ని చదవట్లేదు.

అది చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం లెక్క. మూడో తరగతి అయ్యేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు, అర్థం తెలిసేలా చదవాలని లక్ష్యం పెట్టారు. తెలుగులో ఒక్క మాటలోనే "వెళ్ళిపోతున్నారంటే" అని బారెడు పొడుగు ఉంటుంది కాబట్టి ఆ అంకెని మరీ పట్టుకుని కూర్చోవద్దు. చదివింది తన మాటల్లో మళ్ళీ చెప్పగలుగుతోందా అన్నది ముందు చూడండి.

ఇంగ్లీష్ మీడియం కదా, ఇంట్లో తెలుగు చదివించడం టైమ్ వేస్ట్ కాదా?

కాదు, అసలు దారే అది. అక్షరాలు కలిస్తే మాట అవుతుందని, మాటలు కలిస్తే అర్థం వస్తుందని పిల్లాడికి ఒక్కసారే తెలుస్తుంది, అది తను మాట్లాడే భాషలోనే తేలిగ్గా తెలుస్తుంది. తెలుగులో "పిల్లి గోడ దూకింది" అని చదివిన క్షణంలోనే వాడికి పిల్లి కనబడుతుంది. ఇంగ్లీషులో అదే వాక్యం స్పెల్లింగులతో సహా చదివినా ఏమీ కనబడకపోవచ్చు. ప్రభుత్వ బడి పుస్తకాలు 2020-21 నుంచీ ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగుగా వస్తున్నాయి. సైన్సో లెక్కలో పాఠం రాత్రి తెలుగు పేజీ చదివించి, ఏం అర్థమైందో అడిగి, ఆ తర్వాత ఇంగ్లీషు పేజీకి వెళ్ళండి. ఇంత మంచి సదుపాయం ఉండి, చాలా ఇళ్ళల్లో తెలుగు పేజీ అసలు తెరవనే తెరవరు. ప్రైవేటు బడి పిల్లలకి ఆ పుస్తకాలు ఉండవు కాబట్టి పక్కింటి పిల్లల దగ్గర అడిగి చూడండి, సిగ్గేం లేదు.

నాకే చదువు రాదు. నేనేం చదివిస్తాను?

ఈ ప్రశ్న అమ్మలే ఎక్కువగా, అదీ గొంతు తగ్గించి అడుగుతారు. మన నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు రాత్రి బడికి వెళ్ళింది కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళే. దూబగుంట ఆడవాళ్ళు ఆ బడిలో చదువుకుంటూనే సారా మీద తిరగబడ్డారు, అది రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం దాకా వెళ్ళింది. కాబట్టి చదువు రాని అమ్మ చేయలేనిదేమీ లేదని ఈ జిల్లాలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు.

సరే, పని సంగతి. పిల్లని పక్కన కూచోబెట్టుకుని "నాకు చదివి వినిపించు" అనండి. మీరు బియ్యం ఏరుకుంటూనో, కూర తరుగుతూనో వినొచ్చు. మధ్యలో "ఆ తర్వాతేమైంది?", "వాడెందుకట్లా చేశాడు?" అని అడగండి. తప్పు చదివితే కథలో అర్థం తేడా కొట్టి మీకే తెలిసిపోతుంది, "ఆగమ్మా, మళ్ళీ చదువు" అంటే చాలు. రెండోది, మీకొచ్చిన కథలు చెప్పండి. అవ్వ చెప్పిన కథ, సామెత, పొడుపుకథ, ఊళ్ళో జాతర సంగతులు ఏవైనా సరే. చెవిన పడని మాటని పిల్ల పుస్తకంలో చూసినా పోల్చుకోలేదు.

బడిలో లైబ్రరీ ఉందంటారు, మా పిల్లలు మాత్రం ఒక్క పుస్తకం ఇంటికి తేలేదు. అడగొచ్చా?

అడగాలి. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ప్రతి బడికీ లైబ్రరీ ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మ్యాగజైన్లు, కథల పుస్తకాలతో సహా ఉండాలని రాసుంది. ప్రైవేటు బడికైనా అదే రూలు. బడుల కోసం కేంద్రం, రాష్ట్రం కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ బడులకి లైబ్రరీ గ్రాంటు, బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా, వేరే పద్దుగా ఉంది. 2020 చివర్లో "చదవడం మాకిష్టం" అని మన రాష్ట్రంలోనే ఒక కార్యక్రమం కూడా మొదలుపెట్టారు.

అంటే చాలా బడుల్లో పుస్తకాలు ఉన్నాయి. ఎక్కడున్నాయంటే హెడ్మాస్టరు గదిలో ఇనుప బీరువాలో, తాళం వేసి, పైన గ్లోబు పెట్టి. తెలిసిన ఒక బడిలో ఆ బీరువా తెరిస్తే పుస్తకాలు ఒకదానికొకటి అతుక్కుపోయి, కొత్త వాసన కూడా పోకుండా ఉన్నాయి. వాటి మీద నంబర్లు మాత్రం చక్కగా వేసున్నాయి. టీచర్లని తిట్టి లాభం లేదు, పుస్తకం పోతే ఆడిట్‌లో తమ మెడకి చుట్టుకుంటుందని వాళ్ళ భయం, అందులో నిజమూ ఉంది.

కాబట్టి ఫిర్యాదులా వెళ్ళకండి. తల్లిదండ్రుల కమిటీ మీటింగులోనో, మెగా పేరెంట్ టీచర్ మీటింగు రోజునో ఇద్దరు ముగ్గురు కలిసి "సార్, వారానికొక రోజు పుస్తకాలు ఇంటికిస్తే రిజిస్టరు మేం రాస్తాం, చిరిగితే మేం అతికిస్తాం, పోతే కమిటీ తరఫున కొనిస్తాం" అని చెప్పండి. ఆ మాట మినిట్స్‌లో రాయించండి. రాసినదాన్ని కాదనడం ఎవరికైనా కష్టం. అయిదో తరగతి పిల్లలకే రిజిస్టరు అప్పజెప్పిన చోట పని ఇంకా బాగా నడుస్తుంది, వాళ్ళు పెద్దవాళ్ళ కంటే కచ్చితంగా వసూలు చేస్తారు.

పుస్తకాలు చించేస్తారేమో?

చించుతారు. వాడిన పుస్తకమే చిరుగుతుంది. గమ్ టేపు, అట్టలు దగ్గర పెట్టుకోండి.

ఊళ్ళో శాఖా గ్రంథాలయం ఉంది గానీ అక్కడ ముసలాళ్ళు పేపర్ చదువుతుంటారు, గ్రూప్స్ చదివే కుర్రాళ్ళు కూర్చుంటారు. చిన్నపిల్లల్ని రానిస్తారా?

రానిస్తారు, రానివ్వాలి కూడా. ఆ గ్రంథాలయం మీ డబ్బుతోనే నడుస్తోంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా ఉంటుంది, రసీదు తీసి చూసుకోండి. కొద్దిపాటి డిపాజిట్ కడితే సభ్యత్వం ఇచ్చి పుస్తకం ఇంటికిస్తారు, మానేసేటప్పుడు డిపాజిట్ వెనక్కిస్తారు. ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు తెరిచే చోట్లు ఎక్కువ, ఆదివారం తెరిచి వారంలో ఇంకోరోజు సెలవిచ్చే చోట్లూ ఉన్నాయి, అందుకని ముందు బోర్డు చూసుకుని వెళ్ళండి.

మొదటిసారి పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు. మీరు వెంట వెళ్ళి లైబ్రేరియన్‌కి పరిచయం చేసి, పిల్లల పుస్తకాల అర కింది వరసలో పెట్టమని అడగండి. పై అరలో ఉంటే పిల్లలకి అందదు, అడగాలంటే మొహమాటం. వేసవి సెలవుల్లో జిల్లా గ్రంథాలయ సంస్థలు విజ్ఞాన శిబిరాలు పెడతాయి, నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఉంటాయి. వారోత్సవాల్లో ఉపన్యాసాలు కాస్త ఎక్కువే, అయినా పిల్లలకి కథల పోటీలు, బహుమతిగా పుస్తకాలు ఉంటాయి కాబట్టి తీసుకెళ్ళండి.

వీలైతే ఒకసారి వేటపాలెం సారస్వత నికేతనం చూపించండి. మొన్నమొన్నటిదాకా ప్రకాశం జిల్లాలోనే ఉండేది, 2022లో బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. 1918లో ఊరి కుర్రాళ్ళు మొదలుపెట్టిన గ్రంథాలయం అది, 1929లో గాంధీగారు భవనానికి శంకుస్థాపన చేశారు. ఒంగోలు నుంచి రైల్లో పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు.

మా పల్లెలో గ్రంథాలయమే లేదు.

అరుగు ఉంది కదా. ఒక పాత ట్రంకు పెట్టె, యాభై అరవై పుస్తకాలు, వారానికి రెండు సాయంత్రాలు కూర్చోగల ఒక మనిషి. ఆ మనిషి దొరకడమే కష్టం, మిగతావన్నీ దొరుకుతాయి. డిగ్రీ చదివి ఇంటి దగ్గరున్న ఆడపిల్లలు, రిటైరైన టీచర్లు, పొదుపు సంఘం లీడర్లు ఈ పనికి బాగా కుదురుతారు. పుస్తకాలకి సికింద్రాబాద్ "మంచి పుస్తకం" వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళ పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే వస్తాయి. జన విజ్ఞాన వేదిక వాళ్ళ పిల్లల సైన్సు పత్రిక "చెకుముకి" ఆరో తరగతి దాటిన పిల్లలకి బాగుంటుంది, వేదిక కార్యకర్తలు మన రెండు జిల్లాల్లోనూ ఉన్నారు, కనుక్కుంటే పుస్తక ప్రదర్శన కూడా పెట్టిస్తారు.

అరుగు ఎవరిదన్నది మాత్రం జాగ్రత్తగా ఆలోచించండి. అన్ని వీధుల పిల్లలూ మొహమాటం లేకుండా వచ్చి కూర్చోగల చోటే చూసుకోవాలి. ఎస్సీ కాలనీ పిల్లలు, యానాది సంఘం పిల్లలు గడప దగ్గరే నిలబడిపోయే ఇల్లయితే పుస్తకాలెన్ని ఉన్నా దండగే. అట్లాంటి చోట బడి వరండానో, అంగన్వాడీ కేంద్రమో మేలు.

ఫోన్లో కథలు చదివితే లెక్కలోకి రాదా?

వస్తుంది, చదివితే. చాలామంది చూస్తారు, చదవరు. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ సైట్లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, మెట్లు వారీగా విడదీసి పెట్టారు, డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసుకోవడానికి కూడా అనుమతి ఉంది. మా సలహా అదే: నెట్ సెంటర్లో నాలుగు కథలు ప్రింటు తీయించి కుట్టించండి. ఫోన్ చేతికిచ్చి "కథ చదువుకో" అంటే రెండో నిమిషంలో రీల్స్‌లో ఉంటాడు, పెద్దవాళ్ళం మనమే ఆగలేకపోతున్నాం కదా.

మూడేళ్ళ పాపకి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టాలా?

వద్దు. ఆ వయసులో వేళ్ళకి ఆ పట్టు ఉండదు. అంగన్వాడీలో పాటలు, ఆటలు, బొమ్మలు చూసి కథ చెప్పడం జరుగుతున్నాయా అన్నది చూడండి. ఇంట్లో బొమ్మల పుస్తకం తిప్పుతూ మాట్లాడండి.

పనులకి హైదరాబాదో బెంగళూరో పోతాం, పిల్లల చదువు మధ్యలో తెగిపోతోంది.

కనిగిరి, మార్కాపురం, ఎర్రగొండపాలెం వైపు ఇది పెద్ద సమస్య. తీసుకెళ్ళకుండా ఉండగలిగితే ఉంచడమే మంచిది. వలస వెళ్ళేవాళ్ళ పిల్లల కోసం సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు నడుపుతారు, వెళ్ళే ముందే హెడ్మాస్టరునీ మండల విద్యాధికారినీ అడగండి. వెంట తీసుకెళ్ళక తప్పకపోతే తెలుగు పాఠ్యపుస్తకం, నాలుగు కథల పుస్తకాలు, పలక సంచిలో పెట్టుకోండి. బెంగళూరులో తెలుగు పుస్తకం కోసం వెతుక్కోవడం మీ వల్ల కాదు. పాఠ్యపుస్తకం మీద క్యూఆర్ కోడ్ ఉంటే దాన్ని ఫోన్లో స్కాన్ చేసి దీక్షా యాప్‌లో పాఠాలు వినొచ్చు.

ఎంత నేర్పినా అక్షరాలు తారుమారు చేస్తాడు. ఇది జబ్బా?

ముందు కళ్ళు, చెవులు చూపించండి. బోర్డు కనబడక వెనకబడిన పిల్లలు ఎంతమందో, కళ్ళజోడు పెట్టగానే తేడా తెలుస్తుంది. అవి బాగానే ఉండి, మాటల్లో చురుగ్గా ఉండి, ఎనిమిదేళ్ళు వచ్చినా చదవడం దగ్గరే విడవకుండా తడబడుతుంటే డిస్‌లెక్సియా లాంటిది అయ్యుండొచ్చు. ఇది తెలివితక్కువతనం కాదు, సోమరితనం అంతకన్నా కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో దీన్నీ చేర్చారు, మూడో తరగతిలోనో, ఎనిమిదేళ్ళ వయసులోనో, ఏది ముందైతే అప్పుడు బడిలో గుర్తించాలని 2018లో వచ్చిన మార్గదర్శకాల్లో చెప్పారు. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రం ఉంటుంది, అక్కడి ప్రత్యేక టీచర్లని కలవండి. సర్టిఫికెట్ ఉంటే పరీక్షల్లో అదనపు సమయం లాంటి వెసులుబాట్లు అడగొచ్చు. తాయెత్తు కట్టిస్తే కట్టించుకోండి, డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మాత్రం మానొద్దు.

మా అమ్మాయి ఏడో తరగతి, ఇప్పటికీ సరిగా చదవలేదు. ఇంక ఆలస్యమైపోయిందా?

లేదు, అయితే పద్ధతి మార్చాలి. ఏడో తరగతి పిల్లకి "పిల్లి, బల్లి" పుస్తకం ఇస్తే అవమానం. తమ్ముడికి చదివి వినిపించే పని అప్పజెప్పండి, అప్పుడు చిన్న పుస్తకం చేతిలో ఉన్నా గౌరవం పోదు. రోజూ పేపర్లో పెద్దక్షరాల హెడ్డింగులు, సినిమా వార్తలు, క్రికెట్ స్కోర్లు, ఆర్టీసీ బస్సు బోర్డులు, కిరాణా చీటీ చదవమనండి. ఈ వయసులో నేర్చుకునే వేగం చిన్నపిల్లల కంటే ఎక్కువ, సిగ్గు కూడా అంతకంటే ఎక్కువే, అందుకే నలుగురిలో చదివించొద్దు.

ట్యూషన్ పెట్టిస్తే సరిపోతుందా?

హోంవర్క్ పూర్తవుతుంది. కథల పుస్తకం చదివించే ట్యూషన్ దొరికితే మాకూ చెప్పండి.

బడికి పుస్తకాలు డొనేట్ చేద్దామనుకుంటున్నాం. ఏమివ్వాలి?

ఇంట్లో అడ్డంగా ఉన్న పాత గైడ్లు, ఎంసెట్ పుస్తకాలు, పెద్దల నవలలు వద్దు, దయచేసి. ముప్పై రకాల సన్నటి బొమ్మల కథలు, ఒక్కోటీ రెండు కాపీలు. రెండెందుకంటే స్నేహితులు ఒకే పుస్తకం కోసం కొట్టుకోకుండా పక్కపక్కన కూర్చుని చదువుతారు. ఇచ్చే ముందు పిల్లల్నే అడిగితే ఇంకా మంచిది, దయ్యాల కథలు, జోకులు కావాలంటారు, అవే కొనండి. ఫోటో దిగి వెళ్ళిపోకుండా నెల తర్వాత మళ్ళీ వెళ్ళి ఏ పుస్తకం ఎక్కువ నలిగిందో చూడండి, రెండోసారి అట్లాంటివే తీసుకెళ్ళొచ్చు.